రెండు చుక్కల పత్రిక

"పెట్టె మీద కూర్చో అన్నయ్యా. నువ్వు కూర్చుంటే గానీ ఈ జిప్పు పడదు," అన్నారు అత్తగారు.

గార్డు మావయ్య కూర్చున్నారు. అత్తగారికి సొంత అన్న. ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండి చివరి పెట్టెలో ఒంటరిగా తిరిగి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా పేరు పోలేదు. ఏ పని చేసినా బండి కదిలే ముందు చూసుకున్నట్టు ఓసారి గడియారం చూసుకుంటారు. ఇప్పుడూ చూసుకున్నారు.

"ఐదున్నరకి బండి. ఐదుకి గుమ్మం దాటాలి."

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చేతిలో గరిటె చేతిలోనే ఉంది.

"ఎన్నాళ్ళకి అత్తయ్యా?"

"బట్టలు చూస్తే తెలీడం లేదూ?"

తెలుస్తూనే ఉంది. ఎండాకాలం బట్టలూ చలికాలం బట్టలూ ఒకే పెట్టెలో కుక్కితే అది చుట్టపుచూపు ప్రయాణం కాదు. పొద్దున్నే మొగుడికి ఫోన్ చేసింది. మందుల వ్యాను తోలుకుంటూ ఎక్కడో ఊళ్ళు తిరుగుతున్నాడు. "అమ్మని ఆపు," అన్నాడు. ఎలా ఆపాలో చెప్పకుండా పెట్టేశాడు.

హాల్లో కిటికీ పక్క కుర్చీలో మామగారు నిన్నటి పేపరు ఒళ్ళో పెట్టుకుని తప్పులు దిద్దడానికి ఎర్ర కలం పట్టుకుని కూర్చున్నారు. మూతబడి పదమూడేళ్ళయిన ఒక దినపత్రికలో ఆయన ప్రూఫ్ రీడరు. కరెంటు బిల్లు వచ్చినా ముందు అక్షరదోషాలు చూసి, తర్వాతే ఎంతయిందో చూస్తారు. వీధి వీధంతా ఆయన్ని ‘అరసున్నా గారు’ అంటుంది.

ఇవాళ ఆ కలం ఒకేచోట ఆగి ఉంది. ఎర్రసిరా చుక్క కాగితం మీద మెల్లగా పెద్దదవుతోంది.

"నువ్వొక్క మాట చెప్పమ్మా," గార్డు మావయ్య పెట్టె మీద నుంచే కోడలిని అడిగారు. "రేపు పొద్దున పదింటికి మీ లైబ్రరీ వాళ్ళు ఆ పత్రికంతా, అరవై ఏళ్ళదీ, కంప్యూటర్లో పెట్టేస్తున్నారు. ఎవడైనా ఏ మూల నుంచైనా చూసుకోవచ్చు. అవునా?"

"అవును మావయ్యా."

"మా నాన్న పేరు కొడితే ఏమొస్తుంది?"

కోడలు గరిటె చేయి మార్చుకుంది.

"చెప్పు. ఆ స్కానింగులన్నీ చేసింది నువ్వే కదా."

"మొదటి పేజీ వస్తుంది," అంది, గొంతు తగ్గించి.

ఆ మొదటి పేజీని ఆ ఇంట్లో ఎవరూ పైకి చదవరు. నలభై రెండేళ్ళ కిందట ఒక వేసవి మొదట్లో తెల్లవారుజామున ఊరి నీళ్ళ ట్యాంకు గోడ బద్దలై పల్లపు వీధిలో పదకొండు ఇళ్ళు కూలిపోయాయి. మర్నాడు పత్రిక ఐదు కాలాల వెడల్పున శీర్షిక పెట్టింది: ‘ఆపరేటరు నిద్ర – పల్లపు వీధి మునక’. ఆ పంప్‌హౌస్ ఆపరేటరు అత్తగారి తండ్రి. పంపు ఆపకుండా పడుకున్నాడని రాశారు. ఉద్యోగం పోయింది. నెల తిరక్కుండా కుటుంబం ఊరొదిలి వెళ్ళిపోయింది. నేను నిద్రపోలేదురా అని ఆయన పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. వినేవాళ్ళు ఇద్దరే: కొడుకూ, కూతురూ.

పత్రిక మూతబడ్డాక బైండు చేసిన సంపుటాలన్నీ మామగారి మేడగదికి చేరాయి. వాటిని ఒక్కొక్కటే లైబ్రరీకి తీసుకెళ్ళి స్కాన్ చేస్తున్న కోడలికి, పోయిన వారం ఒక సంపుటంలో ఆ పేజీ ఉండాల్సిన చోట బ్లేడు గాటు కనిపించింది. "ఇవి మేడగదికి చేరిన కొత్తల్లో నేనే కోశాను," అని అత్తగారు రెప్పైనా వేయకుండా ఒప్పుకున్నారు. కోసి ఏం లాభం? అదే పేజీ లైబ్రరీ మైక్రోఫిల్ములో భద్రంగా ఉంది.

"ఒక్క పేజీ తల్లీ," అన్నారు గార్డు మావయ్య. "అరవై ఏళ్ళ పత్రికలో ఒక్క పేజీ లేకపోతే ఎవడి కొంప మునుగుతుంది?"

"ఇవాళ మనది తీస్తే రేపు ఇంకొకళ్ళు వాళ్ళది తీయమంటారు మావయ్యా. అందరి మాటా వింటే చివరికి వాతావరణం తప్ప ఏమీ మిగలదు. అసలు తీసే హక్కు నాకు లేదు."

"నీకది చరిత్ర. మాకు నాన్న."

"దాన్నేం అనకు అన్నయ్యా," అత్తగారు పెట్టె తాళం వేస్తూ అన్నారు. "దాని పని అది చేస్తోంది."

తిట్టినా బాగుండేది. ఆ మెత్తదనం కోడలికి ఇంకా లోతుగా దిగింది.

"సవరణ వేశాం," అన్నారు మామగారు.

తల ఎత్తకుండానే అన్నారు.

"మళ్ళీ మొదలెట్టావా బావా!" గార్డు మావయ్య పెట్టె మీద నుంచి లేచారు. "ఆ అబద్ధం చెప్పే కదా మా చెల్లెల్ని చేసుకున్నావ్!"

"అబద్ధం కాదు. మూడు నెలలకి విచారణ నివేదిక వచ్చింది. మీ నాన్న తప్పేం లేదని తేలింది. నేనే ప్రూఫ్ చూశాను. ఐదో పేజీ, కుడి పక్క, అడుగున. అప్పటికి మొదటి ఎడిషన్ బయల్దేరిపోయింది. అందుకే రెండో ఎడిషన్‌లో..."

"ఒక చుక్క, రెండు చుక్కలు," అత్తగారు మాట అందుకున్నారు. పాఠం అప్పజెప్పినట్టు, ఆయాసం లేకుండా. "తేదీ పక్కన ఒక చుక్కుంటే బయటి ఊళ్ళకి వెళ్ళేది. రెండుంటే ఈ ఊళ్ళో పంచేది. మేం అప్పటికి ఊళ్ళో లేం. మేమున్న చోటికి ఒక చుక్కే వచ్చేది. ఆఫీసువాళ్ళు బైండు చేసి దాచింది కూడా ఒక చుక్కదే. పెళ్ళైన కొత్తల్లో విన్నాను. పిల్లాడు పుట్టాక విన్నాను. నలభై ఏళ్ళుగా వింటున్నాను. ఆ రెండో చుక్క నాకు ఒక్కసారైనా చూపించారా?"

మామగారు ఎర్ర కలానికి మూత పెట్టారు.

"బురద చల్లడానికి ఐదు కాలాలు దొరికాయి. కడగడానికి నాలుగు లైన్లు దొరకలేదు," అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. అదే చూసి కోడలికి భయమేసింది.

"మీరు ఎలాగూ ఐదుకి కదా బయల్దేరేది," అంది కోడలు గరిటె గట్టు మీద పెట్టేసి. "ఐదు దాకా నాకివ్వండి." మామగారి వైపు తిరిగింది. "మావయ్యా, చెప్పులేసుకోండి. నాతో లైబ్రరీకి రండి."

"నేనెందుకమ్మా?"

"ఆ ప్రూఫ్ చూసింది మీరొక్కరే కాబట్టి."

* * *

రోజూ కోడలికి సంపుటాలు మూటగట్టి ఇచ్చేవారే గానీ మామగారు స్కానింగు గదిలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. గుమ్మంలోనే ఆగిపోయారు. ఒక బల్ల, దాని మీద వాలుగా రెండు గాజు పలకలు, పైన రెండు కెమెరాలు. అంతే.

"ఇంతేనా? పెద్ద యంత్రముంటుందనుకున్నాను. చేతులకి తొడుగులేవీ?"

"తొడుగులుంటే వేళ్ళకి కాగితం అంచు తెలీదు. చిరిగిపోతుంది. చేతులు కడుక్కుని ఆరబెట్టుకుంటే చాలు."

ఆయన వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని వచ్చారు, ఆపరేషన్‌కి వెళ్ళే డాక్టరులా.

కోడలు తెర మీద ఆ పత్రిక మొట్టమొదటి సంచిక తెరిచింది. నాలుగు పేజీల వారపత్రిక. చేత్తో తిప్పే ప్రెస్సు మీద వేసింది. ఒక్కో పేజీకి ఒక్కో నల్లదనం. తర్వాత వారానికి రెండుసార్లు, ఆపైన రోజూ. పేజీ వెడల్పు పెరిగింది, తగ్గింది. ఒక ఏడాది కాగితం కొరతై గులాబీరంగు కాగితం మీద వేశారు. చదువుకున్నవాళ్ళు లేని వీధుల్లో ఎవరో ఒకరు అరుగు మీద నిలబడి పైకి చదివేవారు, పదిమంది వినేవారు. చివరి సంచికలో చివరి పేజీ అడుగున ‘సెలవు’ అని ఒక్క మాట.

"ఆ ‘సెలవు’ నేను చూసిన చివరి ప్రూఫు," అన్నారు మామగారు. "మూడక్షరాలకి గంట కూర్చున్నాను."

పక్క కిటికీలో యంత్రం తనంతట తాను చదివిన అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగారు.

"ఇదేంటి, భకారాన్ని బకారం అంటుంది? దీనికి ప్రూఫ్ రీడరు లేడా?"

"లేడు. మీరొస్తారా?"

మామగారు నవ్వబోయి ఆపుకున్నారు. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

కోడలు సవరణ వచ్చిన రోజు సంచిక తెరిచింది. తేదీ పక్కన ఒక చుక్క. మైక్రోఫిల్ము తెరిచింది. ఒక చుక్క. రెండిట్లోనూ ఐదో పేజీ కుడి పక్క అడుగున పాలడిపో వేళలు మారిన సంగతి ఉంది.

"ఇక్కడే," మామగారు వేలితో తెరని తాకారు. "ఈ పాలడిపో ముక్క తీసేసి సవరణ పెట్టాం. నాకు గుర్తు." ఆగారు. తెర మీంచి వేలు తీశారు. "గుర్తనుకుంటున్నాను. నిజం చెప్పనా అమ్మా? పదేళ్ళుగా నాకే అనుమానం. ఊళ్ళో తెలిసిన ప్రతి ఇంట్లో అడిగాను. రెండు చుక్కల కాపీ ఒక్కటి దొరకలేదు. ఆవిడని ఓదార్చాలని నేనే కల్పించుకుని, నేనే నమ్మేశానేమో."

కోడలు కుర్చీ ఆయన వైపు తిప్పింది.

"మావయ్యా, సవరణ సంగతి వదిలేయండి. ఆ రోజు ఇంకేం జరిగింది? ఏం తప్పులు పట్టుకున్నారు?"

"తప్పులా?" అరసున్నా గారి ముఖం మారిపోయింది. తప్పులంటే ఆయనకి మనుషులకన్నా బాగా గుర్తుంటాయి. కళ్ళు మూసుకున్నారు. "హడావిడి. కాగితం మీద ప్రూఫ్ తీసే టైము కూడా లేదు. రాతిబల్ల మీద బిగించిన అచ్చులనే వంగి చదివేశాను. ఐదో పేజీ అయింది. ఆరో పేజీ... గొడుగు! గొడుగు తలకిందులు!"

"ఏ గొడుగు?"

"గొడుగుల షాపు ప్రకటన. వానలు మొదలయ్యే ముందు ఏటా వేసేవాళ్ళు. ఫోర్‌మన్ తొందర్లో గొడుగు బొమ్మని తలకిందులుగా బిగించాడు. బొమ్మ తిరగబడితే అది గొడుగు కాదురా, గిన్నె అన్నాను. అందరూ నవ్వారు. ఆరో పేజీ, ఎడమ పక్క, అడుగున."

కోడలు లేచి నిలబడింది. ఒక తెల్లకాగితం తీసి రెండు వైపులా చూపించింది.

"ఐదో పేజీ వెనకే ఆరో పేజీ. ఇటు కుడి పక్క అడుగు అయితే..."

"అటు ఎడమ పక్క అడుగు," అన్నారు మామగారు. "గొడుగు వెనకాల సవరణ."

కోడలు అప్పటికే ఫోను వెతుకుతోంది. పాత పత్రికలు ఎవరి దగ్గరైనా ఉంటే తెమ్మని లైబ్రరీ రెండు నెలల కిందట ఊరంతా చెప్పింది. ఆ మాట విని ఫోన్ చేసినవాళ్ళలో గొడుగుల షాపు ఆవిడ ఒకరు. తాతగారు తమ ప్రకటనలన్నీ కత్తిరించి అంటించిన ఆల్బం ఒకటి ఉందనీ, అయితే దాన్ని గడప దాటనివ్వననీ చెప్పింది.

* * *

గొడుగుల షాపు సన్నగా పొడుగ్గా, లోపలికి వెళ్ళేకొద్దీ చీకటిగా ఉంది. పైనుంచి మడిచిన గొడుగులు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. షాపు ఆవిడ విరిగిన గొడుగు ఊచకి సన్నటి తీగ చుడుతోంది. వచ్చినవాళ్ళ మాట మొత్తం విని, తీగ చివర కత్తిరించి, అప్పుడు లేచింది.

"చూడండి. కానీ పీకితే ఊరుకోను. తాతగారు మైదా జిగురుతో అంటించారు. పీకితే కాగితం రాదు, పొడి వస్తుంది."

ఆల్బం తెచ్చి గల్లా బల్ల మీద పెట్టింది. ఒక్కో పుటకి ఒక్కో ప్రకటన. కింద పెన్సిల్‌తో తేదీ. కోడలు వేళ్ళ చివళ్ళతో తిప్పుతోంది. ఏళ్ళు గడుస్తున్నాయి. గొడుగు మోడళ్ళు మారుతున్నాయి.

"ఇదిగో," అంది.

అదే తేదీ. గొడుగు తిన్నగానే ఉంది. ఎవరో సమయానికి పట్టుకుని నిలబెట్టిన గొడుగు.

"నేను చెప్పలా?" అన్నారు మామగారు. కానీ ముట్టుకోవడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. కాగితం ఎండుటాకు రంగులో ఉంది. వెనకవైపు పూర్తిగా ఆల్బం పుటకి అతుక్కుపోయింది.

కోడలు ఫోను లైటు వెలిగించి ఆ పుట వెనక పెట్టింది. పుట పల్చనిదే. గొడుగు బొమ్మ మధ్యలోంచి, ‘వానకి భయమేల’ అన్న అక్షరాల సందుల్లోంచి, వేరే అక్షరాల నీడలు లేచాయి. అన్నీ తిరగబడి ఉన్నాయి.

"వెనకాల ఏదో ఉంది మావయ్యా! ఫోటో తీసి తిప్పుతాను, ఆగండి, అప్పుడు చదవొచ్చు."

"తిప్పడమెందుకు?" అన్నారు మామగారు.

రాతిబల్ల మీద సీసపు అచ్చులు తిరగబడే ఉంటాయి. హడావిడి రాత్రుల్లో ఆయన చదివింది అలాగే. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితానికి జానెడు దూరంలో వంగి, కుడి నుంచి ఎడమకి వేలు జరుపుతూ చదవడం మొదలుపెట్టారు.

"స... వ... ర... ణ."

అక్కడ ఆగిపోయారు. షాపు ఆవిడ స్టూలు జరిపింది. ఆయన కూర్చోలేదు.

"నేను కల్పించలేదు," అన్నారు, ఎవరితోనూ కాకుండా. "అమ్మా, నేను కల్పించలేదు."

కోడలికి అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. రెండూ చేయకుండా పద్నాలుగు ఫోటోలు తీసింది. టైము నాలుగు దాటింది.

"అమ్మా, ఈ ఆల్బం ఒక్క గంట..."

"గడప దాటదని చెప్పాగా," అంది షాపు ఆవిడ. మామగారి ముఖం వైపు ఓసారి చూసింది. షట్టరు తాళం చేతిలోకి తీసుకుంది. "నాతో కలిసి అయితే దాటుతుంది. పదండి."

* * *

వాళ్ళు వెళ్ళేసరికి పెట్టె గుమ్మం బయట ఉంది. గార్డు మావయ్య గడియారం చూసుకుంటున్నారు. నాలుగూ నలభై.

కోడలు మాటలతో కాలం పోనివ్వలేదు. లాప్‌టాప్ తెరిచి, తిప్పిన ఫోటో పెద్దది చేసి చూపించింది. గొడుగు గీతల వెనక సవరణ లైన్లు మసగ్గా కనిపిస్తున్నాయి.

గార్డు మావయ్య దగ్గరికొచ్చి చూశారు. దూరం జరిగారు.

"కంప్యూటర్లో ఏమైనా తయారు చేయొచ్చు. మా మనవడు నన్ను చంద్రుడి మీద నిలబెట్టి ఫోటో తీశాడు. కంప్యూటర్ని నమ్మి మా నాన్నని మళ్ళీ బజారుకీడ్చమంటావా?"

"కంప్యూటర్ని నమ్మకండి," అంది వెనకనుంచి ఒక గొంతు. షాపు ఆవిడ ఆల్బం గుండెకి హత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "మా తాతని నమ్మండి. ఆయనకి కంప్యూటరంటే ఏంటో తెలీదు. ఆల్బం మీరే పట్టుకోండి. పీకొద్దు."

కిటికీలోంచి వాలుపొద్దు ఎండ పడుతోంది. గార్డు మావయ్య రెండు చేతులా ఆల్బం ఎత్తి, ఆ ఒక్క పుటని వెలుగుకి అడ్డంగా పట్టుకున్నారు. బండికి జెండా పట్టిన మనిషి కదా, చేయి కదల్లేదు. నీడలు తేలాయి. ఆయన తల అటు వంచారు, ఇటు వంచారు.

"తిరగబడి ఉన్నాయి. నాకు రావడం లేదు."

"నేను చదువుతాను బావా," అన్నారు మామగారు.

"వద్దు," అన్నారు అత్తగారు.

అప్పటిదాకా ఆవిడ గోడకి ఆనుకుని ఉన్నారు. గది లోపలికి వెళ్ళారు. గోడకున్న చేతి అద్దం మేకుతో సహా ఊడబెరుక్కుని వచ్చి, ఆల్బంకి ఎదురుగా పట్టుకున్నారు.

"మీరు చదివితే మీ మాటే అవుతుంది. నేను చదువుకుంటాను."

అద్దంలో అక్షరాలు తిన్నగా నిలబడ్డాయి. అత్తగారు మొదటి లైను లోపల చదువుకున్నారు. రెండో లైనుకి గొంతు బయటికొచ్చింది.

"‘...ఈ వేసవిలో ట్యాంకు గోడ కూలిన ఘటనలో పంప్‌హౌస్ ఆపరేటరు నిద్రించినట్లు మేము ప్రచురించిన వార్త సత్యం కాదు. గోడకు బీట పడినదని ఆయన పై అధికారులకు మూడు పర్యాయములు లేఖలు వ్రాసియుండెను. ఆనాడు గోడ కూలుటకు ముందే పంపు నిలిపివేసి, పల్లపు వీధిలో... పల్లపు వీధిలో...’"

"చదువు చెల్లాయ్," అన్నారు గార్డు మావయ్య. చేతులు అలాగే ఎత్తి ఉన్నాయి.

"‘...పల్లపు వీధిలో ఇంటింటి తలుపు తట్టి జనులను మేల్కొలిపినట్లు విచారణలో తేలినది. పదకొండు గృహములు నేలమట్టమైనను ఒక్క ప్రాణమైనను పోకుండుటకు ఆయనే కారణము. ఆయన నిర్దోషి. మా పొరపాటునకు చింతించుచున్నాము.’"

ఆ తర్వాత తండ్రి పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. ఆవిడ దాన్ని చదవలేదు. అద్దంలో వేలితో తడిమారు.

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పదకొండు ఇళ్ళు కూలి ఒక్కరూ పోలేదన్న సంగతి మొదటి పేజీలో కూడా ఉంది. ఎందుకు పోలేదని నలభై రెండేళ్ళలో అడిగినవాళ్ళే లేరు.

అత్తగారు అద్దం బల్ల మీద పెట్టి భర్త దగ్గరికి నడిచారు.

"చెప్పండి," అన్నారు.

"ఏం చెప్పను?"

"ఏదైనా. ఇన్నేళ్ళు నమ్మలేదు కదా నేను. తిట్టండి."

మామగారు గొంతు సవరించుకున్నారు.

"ఒక తప్పుంది," అన్నారు.

"ఏంటీ?"

"‘నిర్దోషి’ అన్నచోట దకారానికి ఒత్తు పడింది. ‘నిర్ధోషి’ అయింది. హడావిడిలో నేను చూసుకోలేదు. షాపులో చూశాను. ఇందాకట్నుంచీ ప్రాణం ఒప్పడం లేదు."

అత్తగారి నవ్వు ఇల్లంతా వినబడింది. పెళ్ళై వచ్చిన ఏడేళ్ళలో కోడలు అలాంటి నవ్వు వినలేదు.

"పడనివ్వండి. మా నాన్న నిర్దోషి అని ఎంత ఒత్తి చెబితే అంత మంచిది."

నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ కళ్ళు నిండిపోయాయి. మామగారు ఎర్ర కలం ఉన్న చేత్తోనే ఆవిడ భుజం పట్టుకున్నారు. గార్డు మావయ్య ఆల్బం దించి, రెండు చేతులా షాపు ఆవిడకి అప్పగించి, చెల్లెలి మొగుడి ముందు నిలబడ్డారు.

"బావా. నిన్ను అబద్ధాలకోరన్నాను. ఒకసారి కాదు."

"లెక్కపెట్టలేదులే," అన్నారు మామగారు.

బండి టైము దాటిపోయింది. ఎవరూ గడియారం చూడలేదు. గార్డు మావయ్య కూడా చూడలేదు.

"ఇప్పుడు మొదటి పేజీ సంగతేం చేయమంటారు అత్తయ్యా?" కోడలు నెమ్మదిగా అడిగింది.

అత్తగారు పెట్టె లోపలికి లాగించి, తెరిచి, అట్టడుగున బట్టల మడతల్లోంచి ఒక కవరు తీశారు. బ్లేడుతో కోసిన పేజీ. ఇన్నేళ్ళూ పారేయలేదు.

"పెట్టు. ఈ అసలుదే పెట్టు, ఫిల్ములోని మసకది కాదు. దాని పక్కనే మా గొడుగు పెట్టు. రెండూ కలిసే రావాలి. ఒకటి చూసినవాడు రెండోది చూడకుండా కదలకూడదు."

* * *

మర్నాడు పదింటికి లైబ్రరీ హాల్లో కుర్చీలు చాలలేదు. గోడల వెంట నిలబడ్డారు. పాత పత్రిక కంపోజిటర్లు ముగ్గురు వచ్చారు, వేళ్ళ సందుల్లో ఇప్పటికీ పోని నలుపుతో. గొడుగుల షాపు ఆవిడ ముందు వరుసలో ఆల్బం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొదటి వెతుకులాట ఎవరితో చేయించాలని లైబ్రేరియను అడిగితే కోడలు అత్తగారిని చూపించింది. ఆవిడ కీబోర్డు ముందు కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తండ్రి పేరు కొట్టారు. మామగారు వెనక నిలబడి దీర్ఘాలు సరిచూశారు.

గోడ మీద పెద్ద తెర వెలిగింది. ఎడమ పక్క ఐదు కాలాల శీర్షిక. కుడి పక్క గొడుగు. దాని కింద, తిప్పి నిలబెట్టిన సవరణ, పెద్ద అక్షరాల్లో మళ్ళీ రాసి ఉంది.

హాలంతా చదువుతోంది. పెదవులు కదులుతున్నాయి. మూడో వరుసలో ఒక ముసలావిడ పక్కవాళ్ళ భుజం ఆసరాతో లేచింది.

"ఆయనా? మా తలుపు కొట్టింది ఆయనా?" అంది. "నాకు నెలల పిల్ల. లేవండి, లేవండి, నీళ్ళొస్తున్నాయి అని తలుపు విరగ్గొట్టినంత పని చేశాడు. పిల్లని ఆయనే ఎత్తుకుని మెట్లెక్కించాడు. చీకట్లో మొహం చూడలేదు. ఎవరో దేవుడిలా వచ్చాడనుకున్నాం ఇన్నాళ్ళూ." పక్కనున్న నలభై ఏళ్ళావిడ చేయి పట్టి లాగింది. "ఇదే ఆ పిల్ల! లేవే, నిలబడు!"

ఆ పిల్ల, తల నెరుస్తున్న పిల్ల, సిగ్గుపడుతూ లేచి నిలబడింది.

చప్పట్లు ఎక్కడ మొదలయ్యాయో తెలీదు. కంపోజిటర్లు కుర్చీ చేతుల మీద దరువేశారు. గార్డు మావయ్య హాలు మధ్యలో నిలబడి, "మా నాన్న! ఆయన మా నాన్న!" అని ముక్కూ మొహం తెలీనివాళ్ళకి కూడా చెబుతున్నారు. అత్తగారు కుర్చీలోంచి లేచి అందరి వైపూ తిరిగారు. వంగిన తల ఎత్తడం కాదది. అసలు వంగనే వంగని తలని అందరికీ చూపించడం.

కోడలు తలుపు పక్కన నిలబడి అదంతా చూస్తోంది. అందుకే ఆ పెద్దాయన లోపలికి రావడం ఆమే ముందు చూసింది. ఎనభై దగ్గర పడిన మనిషి. చేతికర్ర. ఇస్త్రీ చేసిన చొక్కా. చప్పట్లు కొట్టకుండా, తెర వైపే చూస్తూ, కుర్చీల మధ్య దారిలో ఒక్కో అడుగే వేసుకుంటూ ముందుకి వెళ్ళాడు.

మామగారు ఆయన్ని చూశారు.

"మీరా?" అన్నారు. "మీరెందుకొచ్చారు?"

పెద్దాయన అత్తగారి ముందు ఆగి, కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా. ఈ ఎడమ పక్క వార్త రాసింది నేను," అన్నాడు.

చప్పట్లు ఒక్కో వరుసే ఆగిపోయాయి. గార్డు మావయ్య కుర్చీలు తోసుకుంటూ ముందుకొస్తున్నారు. అత్తగారు వెనక్కి తిరక్కుండానే చేయి ఎత్తి అన్నని ఆపారు.

ఆ మనిషిని ఆవిడ కింద నుంచి పైదాకా చూశారు. పక్కనున్న కుర్చీని కాలితో ముందుకి జరిపారు.

"కూర్చోండి," అన్నారు. "ఎడమ పక్కది మీరు రాశారు. కుడి పక్కది చదవండి. పైకి చదవండి. ఆఖరి వరుసకి కూడా వినబడాలి."

పెద్దాయన కూర్చోలేదు. జేబులోంచి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకున్నాడు. తెర వైపు తలెత్తాడు. "సవరణ," అన్నాడు, ఆఖరి వరుసకి వినబడేలా.